రాజులమ్మ గిన్నె

స్వాతి మేడం మొదటి ఆదివారం మహిళా సంఘం భవనంలో గిన్నె మీద మొదటి దెబ్బ వేసినప్పుడు, చాపల మీద కళ్ళు మూసుకుని కూర్చున్న పద్దెనిమిదిమంది ఆడవాళ్ళలో పదిహేడుమంది కళ్ళు తెరిచేశారు. వాళ్ళందరిలోకీ పెద్దది, ముసలమ్మ అయితే లేచి నిలబడిపోయింది. చీరకొంగు నడుముకి తిప్పి బిగించి, గుమ్మం దగ్గర చెప్పుల కోసం చూస్తూ అడిగింది.

"ఎవులు పోనారే?"

భవనమంతా నవ్వింది. స్వాతి మేడం నవ్వలేదు. ఆవిడకి సంగతి తెలీదు. టెక్కలిలో పుట్టి విశాఖపట్నంలో చదువుకున్న పిల్ల, ముప్పై దాటి ఉండవు. నలభై దాటిన ఆడవాళ్ళకి మనసు కుదురు నేర్పమని ఏదో సంస్థ ఆవిడని ఎనిమిది ఆదివారాలకి ఈ ఊరు పంపింది. తనతో మూడు కంచు గిన్నెలూ, తోలు చుట్టిన కర్రలూ తెచ్చుకుంది. అవి నేపాలు గిన్నెలని చెప్పింది గాని, చూసినవాళ్ళకి బుడితి కంచరివాళ్ళు పోతపోసిన చెంబుల్లాగే కనబడ్డాయి.

ముసలమ్మే ఆవిడకి విడమరిచి చెప్పింది. ఆ ఊళ్ళో మనిషి పోతే దాసరి వచ్చి ఇంటి ముందు నిలబడి జేగంట మీద మూడు దెబ్బలు వేస్తాడు. ఒకదాని మోత పూర్తిగా అణిగితే గాని ఇంకోటి వెయ్యడు. మూడోది విన్నాక పొలంలో ఉన్నవాళ్ళు పని ఆపుతారు. పొయ్యి మీద ఎసరు పెట్టినవాళ్ళు దింపేస్తారు. ఆడవాళ్ళు కొంగు బిగించుకుని ఏ గుమ్మం ముందు జనం చేరారో చూసుకుంటూ వెళ్తారు. ఉద్దానంలో ఈ మధ్య ఆ గంట మోగని నెల లేదు. జబ్బు నీళ్ళలో ఉందో మట్టిలో ఉందో, డాక్టర్లు వచ్చి సీసాల్లో పట్టుకెళ్తూనే ఉన్నారు. ఇక్కడ కిడ్నీలు ఎండిపోతూనే ఉన్నాయి.

స్వాతి మేడం మొహం చిన్నబోయింది. ఇది చావుగంట కాదమ్మా, మనసుని ఒకచోట నిలబెట్టే మోత అని చెప్పి, ఆ రోజుకి కొట్టడం మానేసి కర్రతో గిన్నె అంచు చుట్టూ రాసింది. అప్పుడది తుమ్మెద రొదలాగా సన్నగా పాడింది. ఆ రొద ఎవరికీ కొత్తగా అనిపించలేదు, భయం కూడా వెయ్యలేదు.

ఇంత గోలలోనూ కళ్ళు తెరవని ఒక్కత్తి రాజులమ్మ. ధ్యానం కుదిరి కాదు. గోడకి ఆనుకుని నిద్రపోయింది.

రాజులమ్మకి నలభై ఏడు. కాశీబుగ్గ వెళ్ళే దారిలో జీడిపప్పు పరిశ్రమలో పప్పు మీద పొట్టు తీసే పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే చిన్న చాకు. మాట తక్కువ మనిషి. పక్కన కూర్చున్నవాళ్ళు రోజంతా మాట్లాడితే సాయంత్రానికి ఒకసారి అవునంటుంది. ముసలమ్మ బలవంతం మీద తరగతికి వచ్చింది. అక్కడ రెండు గంటలు ఊరికే కూర్చుంటే అడిగేవాడు లేడని ముసలమ్మ చెప్పింది. ఊరికే కూర్చోవడమన్న మాట రాజులమ్మ విని మూడేళ్ళయింది.

భర్త సన్యాసయ్య మూడేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నాడు. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లారేసరికి గుమ్మంలోకి ఆటో వస్తుంది. ఆటో అబ్బాయే పలాస తీసుకెళ్ళి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోబెట్టించి, మధ్యాహ్నానికి ఇంట్లో దింపుతాడు. ఒకప్పుడు కొబ్బరిచెట్టెక్కి గెల దింపకుండానే కాయలు లెక్క చెప్పే మనిషి. తిత్లీ తుఫానుకి కొబ్బరీ జీడీ అంతా పడిపోయాక, పెరట్లో మిగిలిన ఒక్క మామిడిచెట్టు కింద మంచం వేసుకుని కూర్చుని, కొత్త మొక్కలు కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో వేళ్ళ మీద ఎంచేవాడు. తర్వాత ఒంటికి నీరు వచ్చింది. ఎంచడం మానేశాడు.

దసరా వెళ్ళిన దగ్గరనుంచి కొత్త పేచీ మొదలైంది. ఆటో వచ్చిన ప్రతిసారీ ఇదే ఆఖరు, ఇంక రాను అంటున్నాడు. డాక్టరు రాజులమ్మని పక్కకి పిలిచి చెప్పాడు. ఒకసారి మానితే కాళ్ళు పొంగుతాయి, రెండుసార్లు మానితే ఊపిరి అందదు, మూడుసార్లు మానితే ఇంక చెప్పలేం అన్నాడు. అందుకని రాజులమ్మకి బతుకులో ఉన్న పనల్లా అతన్ని ఆటో ఎక్కించడమే. ఈ ఒక్కపాలికి రా మావా అంటుంది. అన్నమాటే అంటుంది. అతను కాసేపు గోడవైపు చూసి, లేచి, చెప్పుల్లో కాళ్ళు పెడతాడు. రెండు రోజులాగి మళ్ళీ అదే తంతు.

ఆ జబ్బులో నొప్పి కంటే దురద ఎక్కువ. పొద్దూ మాపూ లేదు, అతను గోక్కుంటూనే ఉంటాడు. ఎండిన కొబ్బరిమట్ట గోడకి రాసుకున్నట్టు గరగరమని ఆ చప్పుడు. పక్కగదిలో పడుకున్నా వినిపిస్తుంది. పరిశ్రమలో మిషన్ల హోరులో కూడా రాజులమ్మకి అదే వినిపిస్తుంది.

ఇంకో చప్పుడు కూడా ఉంది. అతని ఎడమచేతి మణికట్టు పైన, డయాలసిస్ సూదుల కోసం, ఆసుపత్రివాళ్ళు రెండు నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు ఆనిస్తే జుమ్ముమంటుంది, అగ్గిపెట్టెలో జీరంగి పురుగుని పెట్టినట్టు. రోజూ చూసుకోమ్మా, అది ఆగిపోతే పరిగెత్తుకుని రండి అని నర్సు చెప్పింది. రోజూ పనికి వెళ్ళేముందు రాజులమ్మ ఆ చేతిని చెవికి ఆనించుకుంటుంది. ఆమెకి ఇష్టమైన చప్పుడు ఇంట్లో అదొక్కటే.

మూడో ఆదివారం స్వాతి మేడం ఒక్కొక్కళ్ళనీ అడిగింది, కళ్ళు మూసుకుంటే మీకు మొదట వినబడేది ఏమిటమ్మా అని. ఒకావిడ కోడలి గాజులంది. ఒకావిడ మోటారంది. ముసలమ్మ తనకి చెవుడంది. వంతు వచ్చినప్పుడు రాజులమ్మ, గోకుడు అంది. అందరికీ ఎవరి గోకుడో తెలుసు కనక ఎవరూ నవ్వలేదు.

ఆ పిల్ల చెప్పే పాఠం నిజానికి చిన్నదే. ఏ చప్పుడు వినబడినా విననివ్వండి, ఏ ఆలోచన వచ్చినా రానివ్వండి, తరిమెయ్యకండి. ఇది మంచిది, ఇది చెడ్డది అని తీర్పు చెప్పకండి. వచ్చింది అని చూడండి, అంతే. గిన్నె మోతని వెనకాలే పట్టుకుని వెళ్ళండి, ఉందో లేదో తెలీనంత సన్నగా అయ్యేదాకా వెళ్ళండి. దీనికోసం విశాఖపట్నం నుంచి రావాలా అని ముసలమ్మ గొణిగింది గాని, రాజులమ్మ మటుకు పట్టుకుని వెళ్ళింది. ఆ మోత చివర, ఉందో లేదో తెలీనిచోట, గోకుడు వినబడలేదు. రెండు ఊపిరులంతసేపు. కళ్ళు తెరిచి చూసుకుంటే చెంపలు తడిగా ఉన్నాయి.

ఆ సాయంత్రం స్వాతి మేడం మూడు గిన్నెల్లో చిన్నదీ, ఒక కర్రా ఆమెకి ఇచ్చి పంపింది.

సన్యాసయ్య మొదట వెటకారం చేశాడు. గిన్నె తెచ్చినావు, ముష్టికి ఎప్పుడెల్దాం అన్నాడు. ఆమె అతని మంచం పక్కన నేలమీద కూర్చుని గిన్నె అంచుకి కర్ర రాసింది. రొద పుట్టింది. అతను గోక్కుంటూ గోక్కుంటూ ఆగాడు. కాసేపటికి, నా సేతిలో మోగినట్టే మోగుతందే అన్నాడు. ఎడమచెయ్యి గిన్నె మీద పెట్టి చూసుకున్నాడు. రెండు జుమ్ములూ ఒకలాగే ఉన్నాయి. పది నిమిషాల్లో నిద్రపోయాడు. ఒంటిమీద చేతులు ఆడకుండా అతను నిద్రపోవడం ఆమె మూడేళ్ళలో అదే మొదటిసారి చూడటం.

దాంతో ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. మధ్యాహ్నాలు ఆమె గిన్నె మోగించాలి. అతను పేచీ పెట్టకుండా ఆటో ఎక్కాలి. సోమవారం ఎక్కాడు, బుధవారం ఎక్కాడు, శుక్రవారం ఎక్కాడు. మరుసటి వారం కూడా ఎక్కాడు. ఆటో అబ్బాయి ఆశ్చర్యపోయి, మావయ్య కుర్రోడైపోతన్నాడు అన్నాడు. పనిలోంచి మూడుకల్లా రావడానికి రాజులమ్మ తిండి కూడా మానేసి తన బస్తా పూర్తి చేసుకునేది.

అయిదో వారం గురువారంనాడు, జీడిపిక్కలు కోసేచోట ఒకమ్మాయి రాలేదని మేస్త్రి రాజులమ్మని అక్కడ కూర్చోబెట్టాడు. ఆ పనికి చేతులకి ఆముదం రాసుకోవాలి. ఆముదం డబ్బా అడుగంటి ఉంది. సగం పనిలో పిక్క చిట్లి జీడినూనె కుడి అరచేతిలో పడింది. ఇంటికి వచ్చేసరికి చెయ్యి పొక్కి, వేళ్ళు ముడుచుకోవడం లేదు.

సన్యాసయ్య పొద్దుటినుంచి ఆమె కోసమే చూస్తున్నాడు. దుప్పటి మీద గోళ్ళ రక్తం చారలు ఉన్నాయి. ఆమె కర్ర పట్టుకుని అంచుకి రాయబోయింది. పట్టు నిలవలేదు, గిన్నె పాడలేదు. ఎడమచేత్తో రాస్తే గీకినట్టు వచ్చింది. కొట్టేద్దూ, అదీ మోతే గదా అన్నాడతను.

ఈగలొస్తున్నాయని తలుపు దగ్గరగా వేసింది. భవనంలో నేర్చుకున్నట్టే, ఎడమచేత్తో ఒక దెబ్బ వేసి, దాని వెనకాలే వెళ్ళి, అది పూర్తిగా అణిగాక ఇంకోటి వేసింది. రెండోదానికే అతని చేతులు పక్కకి జారాయి. మూడోది వేసి ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

మోత చివరకి వెళ్తూ ఉండగా వీధి మలుపులో ఏడుపు వినిపించింది. ఎవరో పోయారు అనుకుంది. అనుకుని, లేచి, అలవాటుగా కొంగు బిగించి, వెళ్దామని తలుపు తీసింది.

గుమ్మంలో తోడికోడలు చిన్నమ్మి ఆమె మీద పడిపోయింది. వెనక వీధి నిండా ఆడవాళ్ళు.

"పోనాడే రాజులూ. ఆడి నరకం తీరిపోనాది. నీ నరకం కూడా తీరిపోనాదే తల్లీ."

ఒక ఊపిరి సేపు రాజులమ్మ ఆ మాట నమ్మింది. మోతలో ఉండగానే, తాను కళ్ళు మూసుకుని ఉండగానే అతను పోయాడనుకుంది. ఆ ఒక ఊపిరిలో ఆమెకి వచ్చింది ఏడుపు కాదు. మూడేళ్ళుగా నెత్తిమీద ఉన్న నిండుబిందెని ఎవరో వెనకనుంచి అందుకుని దింపినట్టయింది. భుజాలు కిందికి దిగాయి. ముడుచుకున్న నుదురు విప్పుకుంది. నోరు తెరిచి పెద్దగా ఊపిరి వదిలింది. వదులుతూ ఆ వదలడాన్ని చూసింది. చూడటం ఆమె నేర్చుకుంది కదా మరి.

వెనక్కి తిరిగితే సన్యాసయ్య మంచం మీద లేచి కూర్చుని ఆమె మొహంకేసే చూస్తున్నాడు.

తర్వాత అంతా నవ్వులాటగానే గడిచింది. చిన్నమ్మి సిగ్గుపడి నెత్తి కొట్టుకుంది. తప్పుడు కబురు వస్తే ఆయుష్షు పెరుగుతుందని ముసలమ్మ అంది. వీధి చివరనుంచి దాసరి తన జేగంట చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చి, నేనుండగా ఎవులు కొట్టినారు అని తగువు వేసుకున్నాడు. వచ్చిన దాసరిని ఉత్తచేతులతో పంపకూడదు కనక రాజులమ్మ సోలెడు బియ్యం తెచ్చి అతని జోలెలో పోసింది. తన చావుబియ్యం జోలెలో పడటం సన్యాసయ్య మంచం మీంచి చూశాడు.

అప్పటికే పెరట్లో గొడ్డలి చప్పుడు అవుతోంది. అతని అన్న బైరాగి, పెరటిదారినే వచ్చి, చితికి కట్టెలు కొట్టే పని తనదే కనక, మిగిలిన ఆ ఒక్క మామిడిచెట్టునీ నరకడం మొదలుపెట్టాడు. ఎవరో పరిగెత్తి ఆపేసరికి చెట్టు మొదలు దగ్గర జానెడు గాటు పడింది. బైరాగి గొడ్డలి అక్కడే వదిలేసి లోపలికి వచ్చి, తమ్ముణ్ణి చూసి నిలబడిపోయాడు.

"పచ్చిది అన్నియ్యా," అన్నాడు సన్యాసయ్య. "బేగి కాలదు."

ఆ మాటకి అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. రాజులమ్మ నవ్వలేదు.

మర్నాడు శుక్రవారం తెల్లారి ఆటో వచ్చింది. అతను పేచీ పెట్టలేదు, ఇదే ఆఖరనీ అనలేదు. పడుకున్నవాడు లేవలేదు, అంతే. ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టాడు.

"లెగు మావా. ఈ ఒక్కపాలికి."

"అందరూ ఏడ్సేసినారు గదే. మల్లీ ఏడిపించడమెందుకు."

"ఆల్లు తెలీక ఏడ్సినారు."

"నువ్వు ఏడవనేదు," అన్నాడతను. అందులో కోపం లేదు. "సూసినాను. పెల్లయిన కొత్తలో ఉండే మొకం అది. ఎన్నాల్లయిందో నాను సూసి."

ఆమె కాళ్ళు పట్టుకుంది. నీకు తెలీదు, నాకేమీ అనిపించలేదు అని చెప్పబోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అతనికి ఆమె చెప్పిన అబద్ధాలు పది కూడా ఉండవు. పదకొండోది నోటికి రాలేదు. అతను పొక్కిన ఆమె అరచేతిని తిప్పి చూసి, ఆముదం రాసుకో అన్నాడు. ఆటో ఉత్తదే వెళ్ళిపోయింది.

ఆదివారం రాజులమ్మ గిన్నె కొంగులో చుట్టుకుని భవనానికి వెళ్ళింది. చాప మీద కూర్చోలేదు. గిన్నె స్వాతి మేడం ముందు పెట్టి నిలబడింది. గురువారం జరిగిన అల్లరి ఊరంతా తెలిసిందే కనక, ఆ పిల్ల అప్పటికే విని, క్షమించమ్మా, నేను ఆలోచించవలసింది అంది. రాజులమ్మ అది కాదంది. గుమ్మంలో తనకి ఏమి వచ్చిందో, అతను ఏమి చూశాడో, శుక్రవారం ఎందుకు లేవలేదో నాలుగు ముక్కల్లో చెప్పింది. పదిహేడుమంది ఆడవాళ్ళూ తలలు వంచుకుని విన్నారు. వాళ్ళలో అయిదారుగురి ఇళ్ళల్లో అలాంటి మంచాలు ఉన్నాయి.

"మీరు సూడమన్నారు మేడం. సూసినాను."

"మీరు చెడ్డవారు కాదమ్మా."

"మంచీ చెడ్డా అనుకోవద్దన్నారు గదా," అంది రాజులమ్మ. "అనుకోకుండా ఎలగుండాలో అది సెప్పనేదు."

 అది తనకీ తెలీదని ఆ పిల్ల ఒప్పుకుంది. అందరికీ సెలవు చెప్పేసి, గిన్నె తీసుకుని రాజులమ్మ వెనకాలే ఇంటికి వచ్చింది. మంచం పక్కన పీట మీద కూర్చుని, ఆసుపత్రికి వెళ్ళమని సన్యాసయ్యని బతిమాలింది. అతను మర్యాదగా అంతా విన్నాడు. కొబ్బరిబొండం కొట్టించి ఇప్పించాడు. వెళ్ళేటప్పుడు, ఆ గిన్నె కొన్నాళ్ళు ఉంచండి మేడం, ఎక్కువరోజులు అక్కర్లేదు అన్నాడు. ఆవిడ గిన్నె అక్కడే పెట్టి, బొండం తాగకుండా చేత్తో పట్టుకునే వెళ్ళిపోయింది.

సోమవారం కూడా ఆటో ఉత్తదే పోయింది. కాళ్ళు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. హరిశ్చంద్రపురంలో ఇచ్చిన కూతురు కుమారి వచ్చి ఏడ్చింది, తిట్టింది, తండ్రి ముందు అన్నం మానేసి కూర్చుంది. ఊపిరి కోసం అతను తలగడలకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు.

బుధవారం బైరాగి మాటలతో పని లేదనుకున్నాడు. ఆటో అబ్బాయిని సాయం పట్టి తమ్ముణ్ణి రెక్కల కింద చేతులు వేసి ఎత్తాడు. గడప దగ్గర సన్యాసయ్య ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకున్నాడు. ఒంట్లో ఏమీ లేని మనిషికి ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో ఇద్దరూ లాగినా రాలేదు. వేళ్ళు విడదియ్యే రాజులూ అని బైరాగి అరిచాడు.

రాజులమ్మ వెళ్ళి ఆ చేతి మీద చెయ్యి వేసింది. వేళ్ళ కింద జుమ్ముమంది. అతను ఆమెవైపు చూడలేదు. ద్వారబంధం వైపే చూస్తున్నాడు. చిటికెన వేలు ఒక్కటి లేవదీస్తే చాలు, మిగతావి వచ్చేస్తాయి. ఆమెకి అది తెలుసు. ఇరవై రెండేళ్ళు పప్పు విరగకుండా పొట్టు తీసిన చేతులు అవి.

"వదిలెయ్ బావా," అంది.

బైరాగి ఆమెకేసి ఒక చూపు చూశాడు. తమ్ముణ్ణి మంచం మీద దింపి వెళ్ళిపోయాడు. కుమారి, నువ్వే సంపుకుంటన్నావే అమ్మా అంది.  వదిలెయ్ అన్నది అతని బాధ చూడలేకనా, గురువారం గుమ్మంలో ఊపిరి వదిలిన తను మళ్ళీ ఊపిరి వదలడానికా, ఆమెకే తెలీదు. ఎన్నిసార్లు కళ్ళు మూసుకుని చూసినా రెండూ ఒకదాని పక్కన ఒకటి కూర్చునే కనబడ్డాయి.

ఆమె పని మానేసింది. మధ్యాహ్నాలు గిన్నె కొట్టమని అతను చేత్తో సైగ చేసేవాడు. అరచెయ్యి మానలేదు కనక ఎడమచేత్తోనే మూడు దెబ్బలు వేసేది. మొదటిరోజు వీధిలో ఒకరిద్దరు ఆగి తొంగిచూశారు. రెండోరోజు రాజులమ్మ గిన్నెలే అనుకుని వెళ్ళిపోయారు. మూడోరోజు ఎవరూ తల తిప్పలేదు. పిల్లలు దెబ్బలు లెక్కపెట్టి, మూడోదానితో బడి మైదానంలో పరుగుపందెం మొదలుపెట్టుకునేవారు.

గురువారం సాయంత్రం కుమారి పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి వస్తానని హరిశ్చంద్రపురం వెళ్ళింది.

శనివారం మధ్యాహ్నం అతను గోక్కోలేదు. రాజులమ్మ అది గమనించింది. పెరటి తలుపులోంచి మామిడిచెట్టు కనబడేలా మంచం జరపమన్నట్టు చూశాడు. జరిపింది. మొదలు దగ్గర గాటు నల్లబడి, బంక కారి గట్టిపడింది. పైన ఆకు ఒక్కటీ వాడలేదు. అతను దానికేసి చూస్తూ ఉండగా ఆమె మొదటి దెబ్బ వేసింది. మోత అణిగాక రెండోది వేసింది. రెండోది చాలా దూరం వెళ్ళింది. దాని వెనకాలే వెళ్ళి, ఉందో లేదో తెలీనిచోట ఆగి, అలవాటుగా అతని మణికట్టు మీద వేళ్ళు ఆనించింది.

ఏమీ లేదు.

వేళ్ళు కొంచెం పైకి జరిపి చూసింది, కిందికి జరిపి చూసింది. చేతిని తీసి చెవికి ఆనించుకుంది. అగ్గిపెట్టె ఖాళీగా ఉంది. అతని కళ్ళు చెట్టుమీదే ఉన్నాయి. ఆమె భుజాలు దిగలేదు. ఊపిరి తేలిక కాలేదు. ఆ రోజు గుమ్మంలో ఒకసారి దింపిన బిందె ఇప్పుడు ఎక్కడుందో ఆమెకి కనబడలేదు.

మూడో దెబ్బ వేసింది. అన్నిటికంటే గట్టిగా వేసింది. వేసి, తలుపు తీసిపెట్టి, గుమ్మంలో కూర్చుంది.

ఎవరూ రాలేదు. మైదానంలో పిల్లలు పరుగు మొదలుపెట్టారు. ఎవరో మేకని తిడుతున్నారు. చిన్నమ్మి ఇంట్లోంచి టీవీ వినబడుతోంది. ఎండ గడప దాటి లోపలికి జానెడు వచ్చింది.

చాలాసేపటికి లేచి, రోడ్డు దాటి ముసలమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ వరండాలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే, పడుకున్నాడా అని అడిగింది. చెప్పాలనే వచ్చింది రాజులమ్మ.  పక్కన కూర్చుని, చేట అంచునుంచి గుప్పెడు బియ్యం తన వైపు లాక్కుని తనూ ఏరడం మొదలుపెట్టింది. ఒక రాయి తీసింది. ఇంకోటి తీసింది. ముసలమ్మ కోడలి సంగతేదో చెప్పుకుంటూ పోతోంది.

చెబుతూ చెబుతూ ఆగింది. రాజులమ్మ పొక్కిన కుడిచేత్తో ఏరుతోంది. ఎడమచేతిలో తోలు చుట్టిన కర్ర అలాగే ఉంది, పిడికిలి బిగుసుకుని.

ముసలమ్మ చేట కింద పెట్టింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఎవరు అని అడగలేదు. చీరకొంగు నడుముకి తిప్పి, బిగించి దోపుకుంది.